‘నార్మల్’ అన్న రిపోర్టు, పోయిన 12 రోజులు

మా బాబు బారసాలకి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "ఎంత బంగారు ఛాయే తల్లీ, ఎవరి పోలికో!" మా ఇంట్లో అటూ ఇటూ అందరం చామనఛాయవాళ్లమే. అందుకని ఇంకా మురిసిపోయాం. మా అత్తగారు ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. ఆ రోజు ఫొటోలు ఇప్పటికీ నా ఫోన్లో ఉన్నాయి. ఉయ్యాల్లో తెల్ల పొత్తిగుడ్డ మీద పడుకుని ఉన్నాడు. గుడ్డ అంత తెల్లగా ఉండబట్టి వాడెంత పచ్చగా ఉన్నాడో ఇప్పుడు తెలుస్తోంది. కళ్లలో తెల్లగా ఉండాల్సిన చోటు కూడా పచ్చగానే ఉంది. అప్పటికి వాడు పుట్టి 21 రోజులు. ఇంటినిండా అంతమంది ఉన్నాం, ఒక్కరికీ అది ఛాయ కాదని తట్టలేదు.

వాడికిప్పుడు ఆరేళ్లు నిండాయి. ఒకటో తరగతి చదువుతున్నాడు. పొట్ట మీద అడ్డంగా ఒక మచ్చ ఉంది. ఆ మచ్చ సంగతి నేనెక్కడా రాయలేదు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పోయిన నెలలో మా స్కూల్లో తోటి టీచరు వచ్చి, పురిటికొచ్చిన కూతురి బిడ్డకి కామెర్లు తగ్గడం లేదని, స్కాన్ తీయించమంటారా అని అడిగారు. ఆవిడకి చెప్పాల్సింది చెప్పేసరికి లంచ్ పీరియడూ దాని తరవాతి ఖాళీ పీరియడూ అయిపోయాయి. అదంతా ఒకచోట రాసిపెడితే ఇంకొకరికి పనికొస్తుందనిపించింది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. రెండు వారాలు దాటినా పచ్చదనం వదలని బిడ్డకి, రక్తంలో డైరెక్ట్ బిలిరుబిన్ అనే పసుపు పదార్థం ఎక్కువ ఉందని తేలాక పొట్ట స్కాన్ రాస్తారు. ఆ స్కాన్ దేనికోసం తీస్తున్నారో చీటీ మీద రాసి ఉండాలి. బిడ్డ ఖాళీ కడుపుతో ఉండాలి. రాయకుండా, కడుపునిండా పాలు పట్టి తీసిన స్కాన్ వల్ల మేలు లేకపోగా కీడు జరుగుతుంది. స్కాన్ తీయకపోతే మనసులో అనుమానమన్నా మిగిలి ఉంటుంది. ‘నార్మల్’ అని ఒక కాగితం చేతికొచ్చిందంటే ఆ అనుమానం కూడా పోతుంది. మాకు జరిగింది అదే. మా వాడికి వచ్చింది బిలియరీ అట్రీసియా, అంటే లివర్ నుంచి పేగుల్లోకి పైత్యరసం తీసుకెళ్లే నాళాలు పూడిపోయే జబ్బు.

కాన్పు విశాఖపట్నంలోనే, మా పుట్టింట్లో పురుడు, కంచరపాలెం. మూడో రోజున కామెర్లు కనిపించాయి. అందులో భయపడాల్సింది లేదు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో నూటికి 60 మందికి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో 80 మందికి మొదటి వారంలో కామెర్లు వస్తాయి. రెండు రోజులు నీలం లైటు కింద పెట్టారు. తగ్గింది. ఐదో రోజున ఇంటికొచ్చాం. పొద్దుటి ఎండలో పట్టమన్నారు. మా నాన్న రోజూ ఏడింటికల్లా స్నానం చేసి, వాణ్ని రెండు చేతుల మీదా పడుకోబెట్టుకుని డాబా ఎక్కేవారు. అదొక పూజలా చేశారు పాపం.

రెండు వారాలకి డాక్టరుగారికి చూపించాం. పాలు బాగా తాగుతున్నాడా అన్నారు, తాగుతున్నాడన్నాను. బరువు చూశారు, పెరిగాడు. "తల్లిపాల వల్ల కొంతమందికి ఇలా ఉండిపోతుంది, నెలా రెండు నెలల్లో అదే పోతుంది" అన్నారు. అది అబద్ధం కాదు. నిజంగానే చాలామంది పిల్లలకి అలాగే పోతుంది. కానీ మా వాడికి వచ్చిన జబ్బున్న పిల్లలు కూడా మొదటి వారాల్లో పాలు బాగానే తాగుతారు, బరువు పెరుగుతారు, నవ్వుతారు. పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఈ రెండు రకాల పిల్లల్నీ పక్కపక్కన పడుకోబెడితే కంటితో చూసి విడదీయడం కష్టం. విడదీసేది రక్త పరీక్ష. అది 14వ రోజున మాకు రాయలేదు. అడగాలని మాకు తెలియదు.

ఆ పరీక్ష సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతోంది. ఎర్ర రక్తకణాలు అరిగిపోయినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. లివర్ దాన్ని పట్టుకుని, మార్చి, పైత్యరసంలో కలిపి పేగుల్లోకి పంపుతుంది. లివర్ మార్చకముందు ఉన్నది ఇన్‌డైరెక్ట్, మార్చాక ఉన్నది డైరెక్ట్. మొదటి వారంలో వచ్చే మామూలు కామెర్లూ, తల్లిపాల కామెర్లూ ఇన్‌డైరెక్ట్ రకం. నీలం లైటు పనిచేసేది దాని మీదే. డైరెక్ట్ ఎక్కువైందంటే లివర్ తన పని చేసింది గానీ సరుకు బయటికి పోవడం లేదని అర్థం. దాని మీద ఏ లైటూ ఏ ఎండా పనిచేయవు. మా నాన్న నెల రోజులు డాబా ఎక్కింది ఆ పనిచేయని ఎండ కోసం.

డైరెక్ట్ డెసిలీటరుకి 1 మిల్లీగ్రాము దాటిందంటే కారణం వెతకాలి. టోటల్ ఎంతుందని మాత్రమే చూసి "పర్లేదు, తగ్గుతోంది" అనుకుంటే కుదరదు. రిపోర్టులో టోటల్, డైరెక్ట్ రెండూ ఉండాలి.

మా ఇంట్లో మొదట పట్టుకున్నది అమ్మ. డైపర్లంటే ఆవిడకి పడదు, ఒరుసుకుపోతాయంటుంది. పాత నేత చీరలు చింపి లంగోటాలు కుట్టింది. వాటిని తనే ఉతికేది. 29వ రోజు పొద్దున్న పెరట్లోంచి ఒక గుడ్డ పట్టుకుని లోపలికొచ్చింది. "ఏటే ఇది, గుంటడి దొడ్డి ముగ్గుపిండి తడిపినట్టుంది?" అంది.

నేను ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ మనసొప్పదు. "తాగేది పాలే కదమ్మా, తెల్లగానే ఉంటుంది" అన్నాను. అమ్మ నా వంక చూసి, "నలుగురిని పెంచాను. పాలు తాగే గుంటల దొడ్డి ఆవపిండి రంగులో ఉంటాది. ఇది కాదు" అంది. ఇంకో గుడ్డ చూపించింది. అది ఉచ్చ గుడ్డ. ఉతికినా పోని పసుపు మరక. పసిబిడ్డ ఉచ్చకి రంగుండదు, గుడ్డకి అంటదు. ఆ మరక చూశాక నాకు కాళ్లలో సత్తువ పోయింది.

దొడ్డికి రంగునిచ్చేది పైత్యరసమే. అది పేగుల్లోకి దిగకపోతే దొడ్డి సున్నంలా, సుద్దలా, ముగ్గుపిండిలా పాలిపోతుంది. పోవాల్సిన దారి లేక ఆ డైరెక్ట్ బిలిరుబిన్ మూత్రంలోకి వచ్చి గుడ్డల్ని మరక చేస్తుంది. మేం కూడా డైపర్లు వేసి, చీకట్లో మడిచి చెత్తబుట్టలో పడేస్తూ ఉండి ఉంటే ఇంకెన్నాళ్లకి తెలిసేదో.

మర్నాడు మహారాణిపేటలో ఒక ల్యాబులో రక్తం ఇచ్చాం. టోటల్ 9.8, డైరెక్ట్ 6.1. డాక్టరుగారు అది చూసి స్కాన్‌కి రాశారు. చీటీ మీద బాబు పేరు, వయసు, ‘యు.ఎస్.జి. హోల్ అబ్డామెన్’, అంటే పొట్ట మొత్తానికి అల్ట్రాసౌండ్ స్కాన్. అంతే. డైరెక్ట్ ఎంతో లేదు. దొడ్డి తెల్లగా ఉందని లేదు. ఏం వెతకాలో లేదు.

31వ రోజు. స్కానింగ్ సెంటర్లో గర్భిణులే ఎక్కువ. గోడ మీద ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు అన్న బోర్డు. మా అత్తగారికి స్కాన్ అంటే కడుపులో బిడ్డకి తీసేదనే లెక్క, "పసిగుడ్డుకి స్కానేమిటి, కరెంటు తగలదూ" అని దారి పొడుగునా టెన్షన్ పడుతూనే ఉన్నారు. అందులో కరెంటూ లేదు, ఎక్స్‌రే లాంటి రేడియేషనూ లేదు, అది వట్టి శబ్దం. చెవికి వినపడని శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగొచ్చిన దాన్నిబట్టి బొమ్మ గీస్తుంది. మత్తు అక్కర్లేదు, సూది అక్కర్లేదు. పసిబిడ్డకి అంతకంటే సుఖమైన పరీక్ష ఇంకోటి లేదు. ఇంట్లో పెద్దవాళ్లు భయపడుతుంటే ఈ మాట చెప్పండి.

గంటన్నర కూర్చున్నాం. బాబు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "పాలు పట్టెయ్యండి మేడమ్, ఏడుస్తుంటే స్కాన్ అవ్వదు" అన్నాడు అక్కడి అబ్బాయి. వాడి తప్పు లేదు, చీటీ మీద ఏమీ లేకపోతే వాడికెలా తెలుస్తుంది? పట్టాను. కడుపునిండా తాగి నిద్రపోయాడు. అంతకుముందు ఒక పెద్దాయన పొట్ట మీద తిప్పిన ప్రోబే (స్కాన్ తీయడానికి ఒంటికి ఆనించే పరికరం) తుడిచి మా వాడి పొట్ట మీద పెట్టారు. దాని మొహం వాడి అరచేతి కంటే పెద్దది. ఐదు నిమిషాలు.

రిపోర్టు తెలుగులో చెప్పాలంటే ఇంతే. లివర్ సైజు నార్మల్. గాల్‌బ్లాడర్ కుంచించుకుని ఉంది. పైత్యనాళాలు ఉబ్బలేదు. చెప్పుకోదగ్గ లోపమేదీ కనిపించలేదు.

ఆ సాయంత్రం సంపత్ వినాయకుడి గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టాం. ఊళ్లోవాళ్లందరికీ ఫోన్లు చేశాం. డాక్టరుగారు కూడా తేలికపడ్డారు. పైత్యం కదలడానికి ఒక సిరప్ రాసి, రెండు వారాలయ్యాక రమ్మన్నారు. ఆ రాత్రి నేను చాలా రోజుల తరవాత బాగా నిద్రపోయాను.

ఆ రిపోర్టు నా దగ్గర ఇంకా ఉంది. ఇప్పుడు దాన్ని చదవడం వచ్చు కాబట్టి, ఆ వాక్యాలు మమ్మల్ని ఎలా మోసపుచ్చాయో చెప్తాను.

‘గాల్‌బ్లాడర్ కుంచించుకుని ఉంది.’ గాల్‌బ్లాడర్ అంటే లివర్ కింద పైత్యరసం దాచుకునే చిన్న సంచి. కడుపు ఖాళీగా ఉంటే నిండుతుంది, పాలు తాగగానే పిండుకుంటుంది. 3, 4 గంటలు ఏమీ పట్టకుండా చూస్తే ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో ఆ సంచి నిండుగా, ఒకటిన్నర సెంటీమీటరు పైనే పొడుగుండి, గోడలు నున్నగా కనిపిస్తుంది. జబ్బున్న బిడ్డలో అది అసలు కనపడదు, లేదా దారప్పోగులా, గోడలు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఇప్పుడు పాలు తాగిన బిడ్డని చూడండి. మంచి సంచీ చిన్నగానే కనిపిస్తుంది, చెడిపోయిన సంచీ చిన్నగానే కనిపిస్తుంది. మా వాడిది చిన్నగా ఉంది. చూసినవారు పాలు తాగాడు కాబట్టే అనుకున్నారు. జబ్బు కళ్లెదుటే ఉంది, నా పాలు దానికి సాకు అయ్యాయి.

‘పైత్యనాళాలు ఉబ్బలేదు.’ ఈ వాక్యమే మా అందరికీ ధైర్యమిచ్చింది. పెద్దవాళ్లకి రాయి అడ్డుపడితే, కాలవకి అడ్డుకట్ట వేసినట్టు, పైనున్న నాళం ఉబ్బుతుంది. ఉబ్బలేదంటే అడ్డం లేదన్నమాట. ఆ అలవాటే పసిబిడ్డ విషయంలోనూ పనిచేసింది. కానీ బిలియరీ అట్రీసియాలో నాళానికి ఏదో అడ్డుపడడం కాదు, నాళమే మంటెక్కి, మచ్చకట్టి, పూడిపోతుంది. లివర్ లోపలి సన్న నాళాలు కూడా అదే దారి పడతాయి. పూడిన కాలవ ఉబ్బదు. కాబట్టి డైరెక్ట్ 6 ఉండి, దొడ్డి తెల్లగా ఉండి, నాళాలు ఉబ్బలేదంటే ఊపిరి పీల్చుకోకూడదు. ఇంకా భయపడాలి.

మూడోది, రాయనిది. పోర్టల్ వెయిన్ అని లివర్‌లోకి రక్తం తెచ్చే పెద్ద సిర ఉంటుంది. అది చీలే చోట, దాని ముందు, పూడిపోయిన నాళం మిగిల్చిన మచ్చ ఒక తెల్లటి గీతలా, ముక్కోణంలా కనిపిస్తుంది. ఆ గుర్తుని 1996లో కొరియా డాక్టర్లు వివరించారు. ఆ తెల్ల పట్టీ మందం 4 మిల్లీమీటర్లు దాటితే అనుమానం గట్టిపడుతుంది. నాలుగు మిల్లీమీటర్లంటే కందిగింజంత. దాన్ని పెద్దవాళ్ల ప్రోబ్‌తో, ఐదు నిమిషాల్లో, అది వెతకాలని ఎవరూ చెప్పకుండా పట్టుకోవడం కుదరని పని. పసిబిడ్డ లివర్ చర్మం కిందే ఉంటుంది. లోతుకి పోకపోయినా దగ్గరిది సన్నగా చూపించే చిన్న ప్రోబ్ వాడాలి. ఆ ప్రోబ్ ఆ గదిలోనే, అదే మిషనుకి తగిలించి ఉంది. థైరాయిడ్‌కీ మెడకీ వాడేది అదే. నా కళ్లతో చూశాను, అదేమిటో అప్పుడు తెలియదు.

43వ రోజు, ఆరు వారాల టీకాలు. మా పేటలోని హెల్త్ సెంటరుకి తీసుకెళ్లాం. ఏ.ఎన్.ఎం. తొడకి ఇంజెక్షన్ వేసి దూది పెట్టి నొక్కింది. తీసింది, రక్తం. మళ్లీ నొక్కింది. తీసింది, మళ్లీ రక్తం. ఆవిడ మొహం మారింది. బాబుని కిటికీ వెలుతురుకి తిప్పి కళ్లు చూసింది. "ఏటమ్మా, పసరికలు ఇంకా పోలేదా? దొడ్డి ఏ రంగులో ఉంటంది?" అని అడిగింది. చెప్పాను. స్కాన్ నార్మల్ అని కూడా చెప్పాను. "కాయితం సంగతి తరవాత, ముందు పిల్లల డాక్టరు దగ్గరికి ఇప్పుడే వెళ్లండి" అంది.

పైత్యరసం పేగుల్లో లేకపోతే కొవ్వులు అరగవు. కొవ్వుతో కలిసి ఒంటికి పట్టే విటమిన్ కె పట్టదు. రక్తం గడ్డకట్టదు. ఇలాంటి పిల్లల్లో కొందరికి మొదటిసారి జబ్బు బయటపడేది మెదడులో రక్తస్రావంతోనే. మా వాడికి ఆ రోజే విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారు. ఆవిడ దూది రెండోసారి తీసి చూడకపోయి ఉంటే మేమింకా సిరప్ పడుతూనే ఉండేవాళ్లం. సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నప్పుడల్లా ఆవిడ కూడా గుర్తొస్తుంది.

ఈసారి చూసిన పిల్లల డాక్టరుగారు చీటీ రాయడానికి ఐదు నిమిషాలు తీసుకున్నారు. వయసు 45 రోజులు, డైరెక్ట్ 6.8, దొడ్డి పాలిపోయింది, బిలియరీ అట్రీసియా ఉందా, గాల్‌బ్లాడర్ పొడుగు గోడలు చూడండి, పోర్టల్ వెయిన్ ముందు మచ్చ కొలవండి, నాలుగు గంటలు పాలు పట్టకుండా పంపుతున్నాను. అదే విశాఖపట్నం, అలాంటి మిషనే. మారింది చీటీ.

నాలుగు గంటలు పాలు లేకుండా 45 రోజుల బిడ్డని ఆపడం ఎలాగుంటుందో తల్లులకి చెప్పక్కర్లేదు. కెజిహెచ్ పెద్దాసుపత్రి దగ్గరి డౌన్‌లో కారాపుకుని, ఏసీ వేసుకుని, మా ఆయన ఒళ్లో, మా అమ్మ ఒళ్లో మార్చుకుంటూ గడిపాం. నా దగ్గరికి తెస్తే పాల వాసనకి ఇంకా ఏడుస్తాడని నేను బయట నిలబడ్డాను. నా జాకెట్టు తడిసిపోయింది.

స్కాన్ గదిలో రేడియాలజిస్టుగారు ముందు ఏసీ తగ్గించారు. జెల్ సీసా వేడినీళ్లలో పెట్టించారు. నా చిటికెన వేలు బాబు నోట్లో పెట్టమన్నారు. చిన్న ప్రోబ్ తీసుకుని, కుడి పక్కటెముకల కింద ఆనించి, ఊపిరి తీసే లెక్కకి ఆగుతూ, కదుపుతూ చాలాసేపు చూశారు. తెర మీద నాకు బూడిదరంగు మేఘాలు తప్ప ఏమీ తెలియలేదు. ఒకచోట ఆపి, రెండు చుక్కలు పెట్టి కొలిచారు. మళ్లీ పక్కన కొలిచారు. మూడోసారి కూడా కొలిచి, "4.6" అన్నారు పక్కనున్నవారితో. తరవాత నాతో, "ఇప్పుడు పాలు పట్టండమ్మా. మళ్లీ చూస్తాను" అన్నారు. బాబు ఆబగా తాగాడు. మళ్లీ చూశారు. ఆ దారప్పోగులాంటి సంచి ముందెలా ఉందో తరవాతా అలాగే ఉంది, కదల్లేదు.

బయటికొచ్చాక ఆయన రిపోర్టు చేతిలో పెట్టి పంపించేయలేదు. మా ముందే డాక్టరుగారికి ఫోన్ చేశారు. "చాలా అనుమానంగా ఉంది. ఆలస్యం చేయొద్దు" అన్నారు.

ఆ తరవాత మొదటిసారి ఆ పేరు విన్నాం. కసాయి ఆపరేషన్. ఆ మాట చెవిన పడగానే అమ్మ బాబుని గుండెలకి హత్తుకుని కుర్చీలోంచి లేచిపోయింది. కసాయి అంటే మనకి ఉన్న అర్థం అదే కదా. డాక్టరుగారికి కూడా ఆ ఇబ్బంది తెలుసు కాబోలు, వెంటనే కూర్చోబెట్టి చెప్పారు. మోరియో కసాయి అని జపాన్ సర్జన్. సెండాయ్‌లోని తొహోకు యూనివర్సిటీలో 1955లో మొదటిసారి ఈ ఆపరేషన్ చేశారు. అంతకుముందు ఈ జబ్బున్న పిల్లలకి చాలామందికి చేయడానికి ఏమీ ఉండేది కాదు. పూడిపోయిన నాళాన్ని లివర్ గుమ్మం దాకా కోసి తీసేసి, పేగు ముక్కని తెచ్చి అక్కడే నేరుగా కుడతారు. లివర్ నుంచి ఊరే కొద్దిపాటి పైత్యం అందులోకి దిగుతుంది. ఎంత చిన్న వయసులో చేస్తే అంత మంచిది. 60 రోజుల్లోపు చేయాలంటారు. 90 రోజులు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే అప్పటికే లివర్ గట్టిపడిపోతుంది.

నేను లెక్కల టీచర్ని. ఆ క్షణంలో నా బుర్రలో తిరిగింది కూడా లెక్కే. 31వ రోజునే ఈ చీటీ, ఈ ప్రోబ్, ఈ ఓపిక దొరికి ఉంటే 40 రోజుల లోపలే ఆపరేషన్ అయ్యేది.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లాం. 52వ రోజున ఆపరేషన్. పొట్ట తెరిచాక గాల్‌బ్లాడర్‌లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. మందు ఎటూ పోలేదు. తిరుగులేని పరీక్ష అదే. తొమ్మిదో రోజున దొడ్డి లేత ఆకుపచ్చగా వచ్చింది. మా అమ్మ ఆ గుడ్డని ఉతకకుండా నర్సులందరికీ చూపించింది.

ఇప్పుడు స్కాన్ గురించి రెండు వైపుల నుంచీ వినిపించే మాటలకి నా జవాబు.

కొందరు స్కాన్‌తో ఏం తేలుతుంది, హైడా స్కాన్ తీయించండి అంటారు. హైడా అంటే సిరలోకి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి అది పేగుల్లోకి దిగుతోందా అని చూడడం. దిగితే బిలియరీ అట్రీసియా కాదని చెప్పొచ్చు. దిగకపోతే మాత్రం ఉన్నట్టు కాదు, లివర్ బాగా దెబ్బతిన్న వేరే జబ్బుల్లోనూ దిగదు. దానికి ముందు ఐదు రోజులు ఫినోబార్బిటోన్ అనే మందు పట్టించే పద్ధతి ఉంది. 45 రోజుల బిడ్డకి ఐదు రోజులంటే చిన్న విషయం కాదు. అల్ట్రాసౌండ్ ఇవాళ రాస్తే ఇవాళే అవుతుంది. దాని తరవాత అవసరాన్నిబట్టి లివర్ నుంచి సూదితో ముక్క తీసి చూస్తారు, ఆపరేషన్ బల్ల మీద రంగు మందు ఎక్కిస్తారు. ఈ వరసలో స్కాన్ మొదటి మెట్టు.

ఇంకొందరు స్కాన్ నార్మల్ అంటే ఇక చాలు అంటారు. అది ఇంకా పెద్ద తప్పు. బిలియరీ అట్రీసియా ఉన్న పిల్లల్లో కొందరికి గాల్‌బ్లాడర్ మామూలుగానే కనిపిస్తుంది, ఆ తెల్ల పట్టీ కనిపించదు. దొడ్డి తెల్లగానే ఉండి, డైరెక్ట్ తగ్గకుండా ఉంటే, ఎంత మంచి స్కాన్ అయినా ఆ జబ్బు లేదని చెప్పలేదు. ఆ రెండింటికీ జవాబు దొరికేదాకా వెతుకుతూనే ఉండాలి. థైరాయిడ్ తక్కువ కావడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, గెలాక్టోసీమియా అనే పాలలోని చక్కెర పడని జబ్బు, పుట్టుకతో వచ్చే వైరస్‌లు, ఇవన్నీ డైరెక్ట్ పెరగడానికి కారణాలే, వీటికి పరీక్షలు వేరు. గెలాక్టోసీమియా అయితే తల్లిపాలే ఆపాలి. స్కాన్ వాటిని పట్టుకోలేదు.

కానీ స్కాన్ ఇట్టే పట్టుకునేవీ ఉన్నాయి. హైదరాబాద్‌లో మా పక్క మంచం మీద రెండు నెలల పాప ఉండేది. మా వాడిలాగే పచ్చగా, పాలిపోయిన దొడ్డితో వచ్చింది. స్కాన్‌లో పైత్యనాళం బుడగలా ఉబ్బి కనిపించింది. కొలిడోకల్ సిస్ట్. దాన్ని తీసేసి నాళాన్ని పేగుకి కలిపారు. పది రోజుల్లో పాప కళ్లు తెల్లబడ్డాయి. ఒకే రంగుతో వచ్చిన ఇద్దరు పిల్లలు, లోపల రెండు వేరు వేరు కథలు.

రోజుకి అన్నన్ని స్కాన్‌లు తీసేవాళ్లకి ఒక్కో బిడ్డకీ అరగంట ఎక్కడిదని ఒక రేడియాలజిస్టు నాతో అన్నారు. నిజమే. ప్రతి బిడ్డకీ అక్కర్లేదు. నీలం లైటుతో తగ్గి, రెండు వారాల్లోపు పచ్చదనం పూర్తిగా పోయిన పిల్లలెవరికీ ఈ స్కానే అక్కర్లేదు. డైరెక్ట్ పెరిగిన పిల్లలు చాలా తక్కువమంది. ఆ తక్కువమందికే ఆ అరగంట కావాలి. వాళ్లెవరో ఆయనకి తెలియాలంటే చీటీ చెప్పాలి. అందుకే తల్లిదండ్రులు మొహమాటపడకుండా "డాక్టరుగారూ, దేనికోసమో, డైరెక్ట్ ఎంతో కూడా చీటీ మీద రాయండి" అని అడగాలి. అడిగితే కోప్పడే డాక్టర్లని నేను తరవాత చూడలేదు.

అసలు ఇంత దూరం రాకుండానే పట్టుకునే మార్గం ఒకటుంది. జపాన్‌లో తల్లీబిడ్డల పుస్తకంలోనే దొడ్డి రంగుల కార్డు పెట్టారు, 2012 నుంచి. తైవాన్ 2004లోనే దేశమంతా ఇచ్చింది. అక్కడ ఆ కార్డు వచ్చాక 60 రోజుల్లోపు ఆపరేషన్ జరిగిన పిల్లల వంతు పెరిగింది. అందులో టెక్నాలజీ ఏమీ లేదు. కొన్ని రంగుల ఫొటోలు, ఇవి మంచివి, ఇవి కావు. మన దగ్గర ఆశా కార్యకర్తలు పుట్టిన బిడ్డ ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వెళ్లాలని పద్ధతి ఉంది. అంటే 42 రోజుల్లో ఆరుసార్లు గడప తొక్కుతారు. ఆ చేతిలో ఒక రంగుల కార్డుంటే, "గుడ్డ చూపించమ్మా" అని ఒక్క మాట అడిగితే చాలు. మా బాబుకి ఇచ్చిన టీకాల కార్డులో అన్నిటికీ గడులున్నాయి, బరువుకి గ్రాఫు ఉంది. ఈ ఒక్క పేజీ లేదు. ఆ పేజీ కావాలని నేను జిల్లా వైద్యాధికారుల ఆఫీసుకి ఉత్తరం రాశాను. మీరూ రాయండి.

పసర్ల గురించి ఒక మాట. ఉత్తరాంధ్రలో కామెర్లంటే ముక్కులో పసరు పిండేవాళ్లూ, చేతి మీద వాత పెట్టేవాళ్లూ ఇంకా ఉన్నారు. మా బంధువుల్లోనే ఒకరు వాతకి తీసుకెళ్దామన్నారు. నెలన్నర బిడ్డ ఒంటి మీద కాల్చిన ఇనుము పెట్టడం గురించి అంత మామూలుగా మాట్లాడారు. రక్తం గడ్డకట్టని బిడ్డకి ఆ పుండు ఏమవుతుందో ఆలోచించండి. దయచేసి వద్దు.

మా వాడి బిలిరుబిన్ నాలుగు నెలలకి నార్మల్‌కి వచ్చింది. ఈసారి ఆ మాట నిజమే. రెండుసార్లు నాళాల్లో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు. ప్లీహం కొంచెం పెద్దదిగా ఉంది. ప్రపంచంలో పిల్లలకి లివర్ మార్పిడి చేయాల్సి వచ్చే కారణాల్లో మొదటిది ఈ జబ్బే, కసాయి ఆపరేషన్ అయినవాళ్లలోనూ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అది అవసరమవుతుంది. మాకు ఆ రోజు వస్తుందో రాదో, వస్తే ఎప్పుడో. ఆరు నెలలకోసారి స్కాన్ తీయిస్తాం. చీటీ మీద ఆపరేషన్ ఎప్పుడైందో, ఏం కొలవాలో ఉందా లేదా అని వెళ్లే ముందు నేనే చదువుతాను. వాడు బల్ల ఎక్కి, చొక్కా పైకెత్తి, "జెల్ చల్లగా ఉందా అంకుల్?" అని అడుగుతాడు.

పోయిన నెల స్కూల్లో నన్ను అడిగిన ఆ తోటి టీచరు కూతురు అదే రోజు సాయంత్రం నాకు ఫోన్ చేసింది. బాబుకి 19 రోజులు. ముందు స్కాన్ కాదమ్మా, టోటలూ డైరెక్టూ తీయించు, దొడ్డి పగటి వెలుతుర్లో ఫొటో తీసి పంపు అన్నాను. మర్నాడు పంపింది. టోటల్ 8.2, డైరెక్ట్ 0.4. ఫొటోలో ముదురు ఆవపిండి రంగు. తల్లిపాల కామెర్లే అయ్యుంటాయి, ఈ రెండూ మీ డాక్టరుగారికి చూపించు, వారానికోసారి చూపిస్తూ ఉండు అన్నాను.

"అయినా ఒకసారి స్కాన్ తీయించేస్తే నయం కదా అక్కా, భయం పోతుంది" అంది.

"డాక్టరుగారు రాస్తే తీయించు. భయం పోవడానికి వద్దమ్మా" అన్నాను. వెనక బాబు ఏడుపు వినిపిస్తోంది. "ఫోన్ పెట్టేసి ముందు పాలు పట్టు."